బ్లేడు ఎత్తిన చోటు

“గడ్డి కొయ్యమని జీతమిస్తుంటే గడ్డి పెంచుతావా? వారంలో రిటైరయ్యే మనిషివి! మలుపులో కార్లు ఆగిపోతున్నాయని రోడ్ల శాఖ ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి తిట్టిపోయాడు.” అత్తయ్య గిన్నెని సింకులో ఠపీమని పడేసింది.

“గడ్డి కాదే, పువ్వు.”

“ఆహా! ఆ పువ్వుకి చేసిన సేవలో సగం నా మోకాళ్ళకి చేసుంటే ఈపాటికి పరుగు పందేల్లో ఉండేదాన్ని.”

మామూలుగా అయితే మావయ్య నవ్వేవాడు. నవ్వలేదు.

రోడ్డు పక్క గడ్డి కోసే ట్రాక్టరు ఆయనది. పక్కకి చాచిన బ్లేడుతో వాలంతా కోసుకుంటూ పోవడమే పని. కాలేజీ మానేసి, ఎక్కడా కాలు నిలవక తిరిగే నన్ను తన సీట్లో కూర్చోబెట్టాలని ఆయనే వెంటబడి నేర్పాడు. కొండ మలుపు రాగానే మాత్రం లీవరు లాగి బ్లేడు ఎత్తేసేవాడు. మంచమంత మేర దాటాక దించేవాడు. తొలి వానకి అక్కడ వేలెడెత్తు నీలం పువ్వులు లేస్తాయి. ఒకప్పుడు కొండంతా అవేనట. సగం కొండని క్వారీ మింగింది, సగం ఇళ్ళ ప్లాట్లయింది, గట్ల మీద కలుపుమందు కొట్టారు. ఈ జాతి ఇంకెక్కడా లేదని మొక్కల పరిశోధకురాలొకామె వచ్చి చెప్పింది. చెప్పి వెళ్ళిపోయింది, అంతే.

“నువ్వైనా చెప్పరా మీ మావయ్యకి!” అంది అత్తయ్య నాకేసి తిరిగి.

నాకు నోరు ఆగదు. “చుట్టూ గుండు గీసినట్టు కోసి, మధ్యలో ఆ ఒక్క పిలక వదిలేస్తే ఎవడి కన్నైనా పడదా మావయ్యా? నువ్వే బోర్డు పెట్టినట్టయింది.”

నిజమే. ముందు కార్లాపుకుని ఫొటోలకి దిగారు జనం. తర్వాత వాటి మీదే కూర్చుని ఫొటోలు. మట్టి రాయిలా అణిగిపోయింది. మొన్న ఎవడో పార తెచ్చి దుంపగడ్డలతో సహా పెళ్ళగించుకుపోయాడు. కుండీలో అది బతకదు. మావయ్య ఒకసారి పెరట్లో పెట్టి చూశాడు, కుళ్ళిపోయింది.

ఆయన చెప్పులేసుకున్నాడు. వెనకే వెళ్ళాను. మలుపులో గుంతలే మిగిలాయి. ఆయన మోకాళ్ళ మీద వంగి, కాలవ అంచున ఎండుగడ్డి తప్పించాడు. ఆ మొక్కవే సన్నటి ఆకులు, రెండు మూడు. పార తగలని చోటు.

“సోమవారం నుంచి బండి నీదే కదా?”

“ఆఁ.”

“ఇక్కడ బ్లేడు ఎత్తకు. మొగ్గ కనబడగానే కోసెయ్.”

“మరి విత్తనం?”

“పడదు. కింద గడ్డ ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు.” ఎండుగడ్డి మళ్ళీ కప్పేసి, చేతులు దులుపుకోకుండానే లేచాడు. “పూస్తే తవ్వుకుపోతారురా. పూయనివ్వకు.”