దేవుడికి అప్పగించిన కుడికన్ను

డెబ్బై ఒకటో ఏట నేను నా కుడికన్నును దేవుడికి అప్పగించాను. రెండు వందల మంది ముందు నిలబడి, చేతులు పైకెత్తి, కన్నీళ్ళతో అప్పగించాను. రెండు వందలన్నది కొంచెం ఎక్కువే. ఆ ఆదివారం వాన పడుతోంది, వరంగల్‌లో మా గల్లీ చర్చికి అరవై మంది కూడా రాలేదు. చంటిపిల్లలను తీసేస్తే నలభై. కన్నీళ్ళు మాత్రం నిజం. శుక్లం ముదిరిన కంట్లోంచి నీళ్ళు ఊరికే కారుతుంటాయి, దానికి నేనేం చేయను.

మొదటి నుంచి చెబుతాను. అప్పటికి ఏడాదిగా నా కుడికంటికి పొర కమ్మి, లోకమంతా గంజిలో ముంచి తీసినట్టు కనిపించేది. ఎడమకన్ను కొంచెం నయం, కాని దానికీ అక్షరాలు అందవు. కంటి దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, గురువారం రా తాతా, పావుగంట పని, ఏం ఫికర్ చేయకు అంది. గురువారం ఒంటరిగానే పోయాను. భార్య వస్తానంటే వద్దన్నాను, ధైర్యవంతుణ్ణి కదా. వరండాలో కూర్చోబెట్టారు. ఏ కన్నుకో మర్చిపోకుండా నర్సమ్మ నా కుడి కనుబొమ్మ మీద తెల్లటి పట్టీ ముక్క అంటించిపోయింది. ఎదురుగా తలుపు తెరిచి ఉంది. లోపల స్టీలు పళ్ళెంలో సన్నటి సామాన్లు వరుసగా పేర్చి ఉన్నాయి. ఎదురుగా ఉన్న మనిషి మొహం పోల్చుకోలేని నాకు, ఆ సామాన్లు మాత్రం ఒక్కొక్కటి విడివిడిగా కనిపించాయి.

కడుపులో తిప్పుతోందని చెప్పి బాత్‌రూం దిక్కు పోయి, అటు నుంచి అటే గేటు దాటి ఆటో ఎక్కాను.

ఇంట్లో మా ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తి చూసింది.

"అప్పుడే అయిపోయిందా?"

"కాలే. దేవుడు వద్దన్నడు."

"ఎప్పుడన్నడు?"

"దవాఖానల కూసున్నప్పుడు. నీ కన్ను నాకప్పజెప్పు, మనుషులకు గాదు అన్నడు."

ఆమె నా కనుబొమ్మ దిక్కు చూసింది. "మరి ఆ పట్టీ పీకేయమని అనలేదా?"

తడుముకుంటే అది ఇంకా అక్కడే ఉంది. ఆటోవాడు దారంతా అద్దంలో నన్ను ఎందుకు చూశాడో అప్పుడర్థమైంది.

మా ఆమె నమ్మలేదు. కాని నలభై ఐదేండ్లు కాపురం చేసిన మొగుడు దవాఖాన నుంచి పారిపోయి వచ్చాడని నలుగురిలో ఎట్లా చెప్పుకుంటుంది? శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో ఎవరో అడిగితే, దేవుడు వద్దన్నడు అనేసింది. అక్కడి నుంచి ఆ మాట పాస్టరు దాకా పోయింది. ఆదివారం ఆయన, "మన పెద్దాయన సాక్ష్యం చెప్తడు" అని మైకు నా చేతికిచ్చాడు.

సాక్ష్యమంటే, ఆరాధన మధ్యలో లేచి దేవుడు మనకు చేసిన మేలు అందరికీ చెప్పుకోవడం. నాకు అదంటే ప్రాణం. నా సాక్ష్యాల్లో నూట రెండు జ్వరం నూట ఆరవుతుంది. ఒకసారి కుక్క వెంటబడితే సాక్ష్యంలో అది తోడేలైంది. అలాంటివాడికి మైకిచ్చి, వాన చప్పుడు మించి మాట్లాడమంటే ఊరుకుంటానా. నలభై రోజులు ఉపవాసం ఉండి కన్నును బలిపీఠం మీద పెట్టానన్నాను. ఉన్నది రెండు రోజులు, అదీ మధ్యాహ్నం దాకా, టీ లెక్కలోకి రాదు. తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకొని, బైబిల్ తెరిచి, ఒక కీర్తన గడగడా చదివాను. ఆ కీర్తన బడిలో చదివే రోజుల నుంచి నాకు నోటికి వచ్చు. తెరిచిన పేజీలో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

చర్చి మొత్తం స్తోత్రం అంది.

ఆ వారమంతా నా రాజ్యమే. ప్రార్థన చేసిమ్మని నూనె సీసాలు తెచ్చారు. పక్క గల్లీలో బోరు మోటారు ఆగిపోతే, వచ్చి చెయ్యి పెట్టుమన్నారు. పెట్టాను, తిరిగింది. అదే నిమిషంలో కరెంటు వచ్చిందన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

వారం చివర సంఘ పెద్ద ఒకాయన సంబరంగా మా ఇంటికి వచ్చి ఒక కాయితం చూపించాడు. అది కంటి దవాఖాన చీటీ, ఆపరేషన్ తారీఖు వేసింది అని ఆయనే చదివి చెప్పాడు. ఆదివారం కానుకల సంచిలో మడిచి వేసి ఉందట. "మీ సాక్ష్యం ఫలించింది. మీ వదినె గూడ కన్ను దేవునికి అప్పజెప్పింది" అన్నాడు.

మా వదినె అంటే మా అన్న భార్య. అన్న పోయి పన్నెండేండ్లు. మగ్గం మీది నుంచి దిగిన జంపఖానాల అంచు దారాలను మెలిపెట్టి ముడులు వేయడం ఆమె పని. చర్చిలో మేం కూర్చునే జంపఖానాలన్నిటికీ ఆమె చేతి ముడులే. చిన్నప్పుడు జొన్న చేన్లో పుల్ల గుచ్చుకొని ఆమెకు ఎడమకన్ను పోయింది. ఉన్నది ఒక్క కుడికన్ను. దానికీ శుక్లం. నేను పెట్టినట్టు బలిపీఠం మీద పెడితే, ఆమెకు ఇక మిగిలేది చీకటి.

ఆ సాయంత్రమే పోయాను. అరుగు మీద కూర్చొని నీలం దారాన్ని నల్లదారంతో కలిపి ముడేస్తోంది. నా ఎడమకంటికే తెలుస్తున్న తేడా ఆమెకు తెలియక, రెండూ ఒకటే అనుకుంటోంది.

"వదినె, నీ సంగతి వేరే. నీకున్నది ఒక్కటే కన్ను."

"రెండున్న నువ్వు ఒకటిచ్చినవ్ మరిదీ. నేను ఉన్నదంత ఇస్తాన. ఇస్తె గట్లియ్యాలె."

నా అబద్ధం ఆమె దగ్గరికి పోయి నాకంటే పెద్దదైంది.

"నేను ఇయ్యలేదు వదినె. ఆ సామాన్లు చూసి భయపడి ఉరికొచ్చిన."

ఆమె నవ్వింది. "నీకు భయమా. ఉత్త చేతుల్తోని పామును పట్టినోనివి."

పాము సంగతీ నేను చెప్పిందే. అది పాము కాదు, పిండిగిర్నీ దగ్గర పడేసిన పాత మోటారు బెల్టు. ఆ మాటా చెప్పాను. "గొప్పోళ్ళు గిట్లనే తగ్గించుకుంటరు" అని మళ్ళీ దారం అందుకుంది.

పాస్టరు దగ్గరికి పోయి అంతా ఒప్పుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, మేలు జరిగినంక సాతాను గిట్లనే అనుమానం పెడతడు, లొంగకు" అన్నాడు. నా జన్మలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని సాతాను ఖాతాలో వేసి పంపించాడు.

ఇక దారి లేక మరుసటి ఆదివారం నేనే మైకడిగాను. నేను బైబిల్ చదవలేదు, నోటికి వచ్చిన కీర్తన అప్పజెప్పాను, నాకు కన్ను కనబడదు అన్నాను. చర్చి మొత్తం ఆమెన్ అంది. ఒకామె ఏడ్చింది కూడా. నాకు ఒళ్ళు మండి, "పాస్టరయ్యా, మీరు వేళ్ళు చూపించండి, అప్పుడు తెలుస్తది అందరికి" అన్నాను. ఆయన లేచి ఏదో చూపించాడు. నాకు తెల్ల చొక్కా ఒకటి మబ్బులాగ కదిలినట్టు కనబడింది, అంతే. వేళ్ళు చూపించే మనిషి రెండు చూపిస్తాడు, లేదా మూడు. తప్పు చెప్పి తీరాలని, బాగా ఆలోచించి, "ఏడు" అన్నాను.

పాస్టరు నాకు కష్టమైన పరీక్ష పెట్టాలనుకున్నాడట. ఒక చెయ్యి మొత్తం, రెండో చేతివి రెండు.

డోలక్ కొట్టే ఆయన ఎవరూ చెప్పకముందే పాట అందుకున్నాడు. ఆ పాటలో నా గొంతు ఎవరికీ వినపడలేదు. ఆడవాళ్ళ వైపు వదినె చప్పట్లు కొడుతోందని తర్వాత మా ఆమె చెప్పింది.

ఇంకో పది రోజులకు వదినె తానే మా ఇంటికి వచ్చింది. గోడ పట్టుకొని, గడప తడుముకుంటూ. తల పగిలిపోతోందట, కన్ను ఎర్రబడి ఉంది. కాని మొహం వెలిగిపోతోంది.

"మరిదీ, బల్బు సుట్టు రంగులు కనబడ్తానయ్. ఇంద్రధనుస్సు లెక్క. దేవుని మహిమ గావచ్చు."

నేను మహిమ గురించి మస్తు చెప్పినవాణ్ణి. అయినా ఆ రంగులు నాకు నచ్చలేదు. ఆమెను మా ఆమె దగ్గర కూర్చోబెట్టి, పారిపోయి వచ్చిన ఆ గేటు దగ్గరికే మళ్ళీ పోయాను. డాక్టరమ్మ నన్ను చూడగానే, "పట్టీతో పోయిన తాతవు గదా" అంది. రంగుల సంగతి చెప్పేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. కంటి లోపల ఒత్తిడి పెరిగితే అట్లా కనిపిస్తుందట. ఆలస్యమైతే పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదట. ఇప్పుడే తీసుకురా అంది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్క మాట కలపలేదు. వదినె తల ఊపింది.

"నిన్ను వద్దన్న దేవుడు నన్ను పొమ్మంటడా? నిన్ను పొమ్మంటె నేనొస్త. నువ్వు కత్తికింద పండుకున్ననాడు నేను పండుకుంట."

మా ఆమె చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి నా దిక్కు చూసింది.

"పొమ్మన్నడు" అన్నాను వదినెతో.

"ఎప్పుడన్నడు?"

"ఇప్పుడే. నువ్వు గోడ పట్టుకొని వస్తాంటె."

ఇది మాత్రం కలిపి చెప్పింది కాదు. అంతకు ముందు దేవుడు నాతో మాట్లాడాడని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు, ఆ ఒక్కసారే నేను నోరు తెరవకముందే ఆ మాట వచ్చి కూర్చుంది. నాకు ఏ మాత్రం ఇష్టం లేని మాట. నేను కల్పించుకొని ఉంటే ఇంకేదైనా కల్పించుకునేవాణ్ణి.

దవాఖానలో వదినెకు రెండు రోజులు చుక్కల మందులు, మాత్రలు ఇచ్చి ఒత్తిడి దించారు. మూడో రోజు పొద్దున ఇద్దరికీ ఆపరేషన్. నేను సింహంలాగ నడిచిపోయాను అని రాయాలని ఉంది. మా ఆమె నా చొక్కా చెయ్యి వెనక నుంచి గట్టిగా పట్టుకొని నడిపించింది. ఆ చొక్కా కుట్టు ఊడింది.

మళ్ళీ కనుబొమ్మ మీద పట్టీ. పక్క బెంచీ మీద వదినె, ఆమెకూ పట్టీ. నర్సమ్మ నా జబ్బకు బీపీ పట్టా చుట్టి, గాలి కొట్టి, మొహం మార్చింది. "బీపీ బాగ ఎక్కువున్నది తాతా. ఇయ్యాల చెయ్యరు. ఇంటికి పోయి వచ్చే వారం రా."

నా జీవితంలో అంత తియ్యటి మాట వినలేదు. డాక్టర్లే పొమ్మన్నారు. అబద్ధం లేదు, పారిపోవడం లేదు. చెప్పులు వెతుక్కోవడానికి వంగాను కూడా.

వదినె లేచి నిలబడింది. "నీకు మళ్ళ వద్దన్నడా? అయితె నడువు మరిదీ, పోదాం."

"నువ్వు కూసో వదినె."

"నువ్వు పండుకోంది నేను పండుకోను. మాట అన్న."

నర్సమ్మకు మా సంగతి ఏం తెలుసు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని అడిగాను, బీపీ తగ్గడానికి ఏం చెయ్యాలో చెప్పు బిడ్డా అని. ఒక మాత్ర మింగించి, గంట సేపు కదలకుండా, ఏమీ ఆలోచించకుండా పడుకోమంది.

ఏమీ ఆలోచించకుండా. నేను ఆ మంచం మీద పడుకొని, పైన తిరుగుతున్న ఫ్యాను కింద, వినేవాళ్ళెవరూ లేని ప్రార్థన చేశాను. బహుశా మొదటిసారి. మైకు లేకపోతే నాకు ప్రార్థనలో మాటలు దొరకవని ఆ రోజే తెలిసింది. ప్రభువా, నాకు భయమైతాంది అన్నాను. అంతకంటే పెద్దమాట రాలేదు. నా కన్ను ఏమైనా కానియ్, ఆమెది నిలబెట్టు అన్నాను. అని వెంటనే, నాది కూడా ఏమీ కావద్దని కలిపాను. అది కలపకపోతే గొప్పగా ఉండేది, కాని కలిపాను. తర్వాత ఇక ఏమీ అడగడానికి లేదు. నీ ఇష్టం అన్నాను.

గంట తర్వాత బీపీ దిగింది. మాత్ర పని చేసిందని నర్సమ్మ అంది. నేను కాదనలేదు. నన్నే ముందు తీసుకుపోవాలని వదినె పట్టుబట్టింది. పడుకోబెట్టి తీసుకుపోతుంటే ఆమె చెయ్యి ఒకసారి నా కాలికి తగిలింది. నేను నిజంగానే పోతున్నానా లేదా అని చూసుకుంది కావచ్చు.

మరునాడు పొద్దున కట్లు విప్పారు. నావి ముందు విప్పితే డాక్టరమ్మ ముక్కుపుల్ల దగ్గర నుంచి కిటికీ చువ్వల తుప్పు దాకా అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. నేను వాటిని చూడలేదు. వదినె కంటి మీది దూది తీస్తున్న చేతులనే చూస్తున్నాను. దూది తీశారు. వదినె కన్ను మూసుకునే ఉంది. తెరువమ్మా అంటే తెరవదు.

మెల్లగా తెరిచింది. తర్వాత చెయ్యి చాపి డాక్టరమ్మ చున్నీ కొస పట్టుకుంది.

"బిడ్డా, అంచు ఊడుతాంది. కదలకు."

నాలుగు దారాలు తీసి, మెలిపెట్టి, ముడేసింది. పక్కన ఇంకో నాలుగు. డాక్టరమ్మ వంగిన మనిషి వంగినట్టే నిలబడింది. మా ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉంది.

సాయంత్రం ఇద్దరం నల్ల అద్దాలు పెట్టుకొని వరండాలో కూర్చున్నప్పుడు వదినె అడిగింది, "సచ్చెం చెప్పు. మొదలు వద్దన్నది దేవుడేనా?"

"గాదు. నేనే."

"పామో?"

"బెల్టు."

కోపం వస్తుందనుకున్నాను. "నువ్వు చెప్తాంటె మస్తు అనిపిస్తది మరిదీ, గదే కష్టం. ఇగ ఏడాది దాక నువ్వు సాక్ష్యం చెప్పకు. గది ఇయ్యి దేవునికి."

కన్ను ఇవ్వమన్నా ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. సరే అన్నాను. అప్పటి నుంచి ఒక్క ఆదివారం కూడా మైకు పట్టుకోలేదు, ఇది ముప్పయ్యో వారం. సరే, పదకొండో వారం. పాస్టరు "ఎవరన్న సాక్ష్యం చెప్తరా" అన్నప్పుడల్లా నా కాళ్ళు వాటంతట అవే లేవబోతాయి. ఆడవాళ్ళ వైపు, గోడ దగ్గర, ఐదు వరుసల అవతల నుంచి వదినె నా మొహం చూస్తుంటుంది. అంత దూరం నుంచి ఆమెకు నా మొహం కనబడుతోంది. నేను మళ్ళీ కూర్చుంటాను.