నిమ్మకాయ చోట చిక్కమ్మ

వర్తూరులో కొత్త బండి కొన్నవాళ్ళు ముందు వెళ్ళేది చిక్కమ్మ అంగడికే. బూడిద గుమ్మడికాయలు, నిమ్మకాయలు అమ్మేదీ ఆమే, దిష్టి తీసేదీ ఆమే. ఆమె పెట్టిన నిమ్మకాయ చక్రం కింద నలిగిందంటే ఇక ఆ బండికి ఢోకా లేదని అందరి నమ్మకం. ఇన్ని బళ్ళను కాచిన ఆ చెయ్యి సొంత కొడుకు దగ్గర మాత్రం పనిచేయలేదు.

కొడుకు ఓబులేష్ టెంపో నడుపుతాడు. తాగి నడుపుతూ మొదటిసారి పట్టుబడినప్పుడు చిక్కమ్మ పోలీసులనే తిట్టింది. ఎవరి పాడుకళ్ళో పడ్డాయని టెంపోకి మిరపకాయలూ నిమ్మకాయలూ దండగా గుచ్చి కట్టింది. తల్లి కదా, కొడుకులో తప్ప లోకమంతా వెతికింది తప్పుని! రెండోసారి, ఆ దండ ఊగుతుండగానే, అతను తాగి టెంపోతో గుద్ది తోపుడుబండి కృష్ణప్ప కాలు విరగ్గొట్టాడు. ఈసారి జరిమానాతో పోలేదు. లైసెన్సు పోయింది. ఇంకోసారి దొరికితే జైలేనని జడ్జిగారు కరాఖండిగా చెప్పారు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే అంగడి ముందు బళ్ళు బారులు తీరాయి. అన్నిటికంటే ముందు ఓబులేష్ టెంపో. హారతి అయింది, నిమ్మకాయలు పెట్టడమే తరువాయి. ఓబులేష్ ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నాడు.

"దిగప్పా. నీకు లైసెన్సు లేదు గదా."

"నిమ్మకాయల మీద ఎక్కిచ్చేదానికి లైసెన్సు ఎందుకమ్మా? రెండడుగులే గదా."

"అయితే ఏదీ, ఊదు."

అతను మొహం తిప్పుకున్నాడు. పండగ పూట కూడా చుక్క పడిందని చిక్కమ్మకు తెలిసిపోయింది. కోపం ముంచుకొచ్చింది. నిమ్మకాయలు బుట్టలో పడేసి, ముందు చక్రానికి ఆనుకుని రోడ్డు మీద చతికిలబడింది.

"ఏందమ్మా ఇది, జనం చూస్తాండారు!"

"చూడనీ. ఆ పొద్దు నీ చక్రం కింద కృష్ణప్ప కాలు పడింది. ఈ పొద్దు నేనుండాను. ఎక్కిచ్చు. రెండడుగులే గదా."

వెనక హారన్లు మోగాయి. ఆమె కదల్లేదు. చివరికి ఓబులేష్ దిగి వచ్చి, తల వంచుకుని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంది.

"ఇది దిష్టి కాదు నాయనా, తాగుడు. దీన్ని నేను తీయలేను."

నలుగురూ కలిసి టెంపోని పక్కకు తోశారు. వెంకటరాయప్ప తన లారీని ముందుకు తెచ్చి ఆపి, నిమ్మకాయలు పెట్టమని కిటికీలోంచి నవ్వుతూ అడిగాడు. చిక్కమ్మ బుట్టలోంచి కాయలు తీసి, చేతిలోనే పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"పెడతాను గానీ, ముందు నువ్వూ ఊదప్పా."