పంతులుగారి చిటికెడు ప్రసాదం

2014 మార్చి 8, శనివారం. రెండు విడతల బట్టలు ఉతికి మడతపెట్టాను. మినప్పప్పు నానబోశాను. గ్యారేజీ ముందు మంచు తోసి ఉప్పు చల్లాను. టాక్సుల కాగితాలు సర్దడం మొదలుపెట్టి సగంలో ఆపాను. అప్పుడే ఫోను వచ్చింది. మా పంతులుగారు పోయారు. పొద్దున టిఫిను తిని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కురుస్తున్న మంచును చూస్తూ నిద్రలోకి జారుకున్నారట. ఆ నిద్రలోంచి మళ్ళీ లేవలేదు.

ఫోను పెట్టేసి నేనూ చాలాసేపు కిటికీలోంచి చూశాను. నేను తోసిన చోటే మళ్ళీ మంచు పరుచుకుంటోంది, చప్పుడు లేకుండా.

ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల ఉన్న మీలో చాలామంది గృహప్రవేశాలు, అన్నప్రాశనలు ఆయన చేతుల మీదే జరిగి ఉంటాయి. ఆయన పాత వ్యాను మీ అందరికీ గుర్తే. వెనక సీట్లో పీటలు, కొబ్బరికాయలు, మంచు పార ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. తలుపు తీస్తే కర్పూరం వాసన, అద్దాలు కడిగే నీలం నీళ్ళ వాసన కలిసి వచ్చేవి. గుమ్మంలో బూట్లు విప్పి, సంచిలోంచి వేరే ఉన్ని సాక్సులు తీసి తొడుక్కుని, “ఇవి మడి సాక్సులమ్మా” అనేవారు. హోమం ఉందంటే మా వారిని ముందు అడిగే మాట ఒకటే. “బాబూ, స్మోక్ అలారం బ్యాటరీ తీశారా? అగ్నిహోత్రుడి కంటే ముందు ఫైరింజను వచ్చేస్తుంది!”

ఆయనకు చాలాకాలంగా షుగరు ఉంది. ఒక ఏడాది కంటి డాక్టరు, కళ్ళ వెనక సన్నని నాళాల్లోంచి నెత్తురు ఊరుతోందని, అదుపులో పెట్టకపోతే చూపు దక్కదని చెప్పాడు. ఆ మాట మాకు చెప్పినప్పుడు ఆయన నవ్వారు గాని, చేతిలో పంచాంగం మూసి పక్కన పెట్టేశారు.

“కళ్ళు పోతే కారు పోతుంది. కారు పోతే నా వృత్తి పోయినట్టే తల్లీ. నడిచి వెళ్ళి వ్రతాలు చేయించడానికి ఇదేమన్నా రాజమండ్రా?”

శని, ఆదివారాల్లో ఆయన ఎన్నో గడపలు తొక్కాలి. ప్రతి గడపలోనూ పంచదార, నెయ్యి పోసి చేసిన నూక ప్రసాదం ఉంటుంది. కాదంటే ప్రసాదానికి అపచారం, తింటే కంటికి అపచారం. అందుకని ఆ శరదృతువులో తను వెళ్ళవలసిన ఇళ్ళన్నిటికీ ఫోను చేసి, ప్రసాదంలో పంచదార బదులు కాఫీ షాపుల్లో దొరికే కృత్రిమ తీపి పొడి వాడమని అడిగారు.

నేను మూడు రంగుల ప్యాకెట్లూ తెచ్చి చిన్న గిన్నెల్లో వేరువేరుగా చేసి చూశాను. నీలం ప్యాకెట్ పొడి పొయ్యి మీద ఉండగానే తీపి పోగొట్టుకుంది. గులాబీది మింగాక నాలుక చివర చేదు మిగిల్చింది. పసుపుది కాస్త నయం. కానీ దేనికీ పంచదారకున్న పట్టు లేదు. నూక ముద్ద కాకుండా పలుకులు పలుకులుగా రాలిపోయింది. ఆయన మాత్రం దోసిలి పట్టి, “బ్రహ్మాండం! ఇంకాస్త పెట్టండి” అన్నారు. ఏ ఇంట్లోనూ అంత ఆనందంగా తినడం అంతకుముందు చూడలేదు. చిత్రంగా, ఆయన షుగరు రీడింగులు మాత్రం దిగలేదు. డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టించాడు.

ఆ తర్వాతి పౌర్ణమికి మా ఇంట్లో వ్రతం. మా అమ్మాయి, మా వారు పీటల దగ్గర, నేను కలశానికి ఎదురుగా. పంతులుగారు పొద్దున ఇన్సులిన్ వేసుకుని, వ్రతం పూర్తయ్యేదాకా ఏమీ తినకూడదన్న నియమంతో ఉపవాసంగా వచ్చారు. నాలుగో కథ మధ్యలో ఆయన గొంతు దూరం నుంచి వస్తున్నట్టు సన్నబడింది. చదివిన వాక్యమే మళ్ళీ చదివారు.

“మామ్, పంతులుగారు ఓకేనా? చూడు, స్వెట్ అవుతున్నారు” అంది మా అమ్మాయి.

నేను పరిగెత్తి, ఆయన కోసమే పసుపు ప్యాకెట్ కలిపి ఉంచిన నిమ్మరసం తెచ్చాను. తాగారు. చెమటలు ఆగలేదు. ఆయన నైవేద్యానికి పెట్టిన గిన్నెల వైపు చెయ్యి చాచారు. మా వారు గంట కావాలేమోనని గంట అందించారు. కాదన్నట్టు తల ఊపి, పంచదార గిన్నె చూపించారు. అది దేవుడి కోసం పెట్టిన అసలు పంచదార. ఇంకా నైవేద్యం కాలేదు. నా చెయ్యి తటపటాయించింది.

“స్వామి ఏమీ అనుకోడమ్మా… ముందు నాకివ్వండి” అన్నారు, మాటలు కూడదీసుకుంటూ.

నీళ్ళలో కలిపి ఇచ్చాను. తాగి కళ్ళు మూసుకున్నారు. అగరొత్తి పొగ ఆయన తల మీదుగా మెల్లగా తేలుతూ పోయింది. ఆ గదిలో కాలం కూడా పీట వేసుకుని కూర్చున్నట్టనిపించింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, “కథ ఎక్కడ ఆపాం?” అన్నారు. మా అమ్మాయి ఏడుస్తూ నవ్వింది.

నేను బలవంతపెట్టి అప్పుడే రెండు చపాతీలు తినిపించాను. తింటూ ఆయన తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నారు:

“చూశారా తల్లీ, షుగరు పడిపోయినప్పుడు ఆ పొడి నన్ను లేపలేదు. షుగరు పెరుగుతున్నప్పుడు ఆపనూ లేదు. తీపి మార్చాను గాని నూక మార్చలేదు కదా! పంచదార లేదన్న ధైర్యంతో దోసిళ్ళకొద్దీ తిన్నాను.”

ఆ వారమే డాక్టరుతో కూర్చుని మాట్లాడుకున్నారు. తర్వాత మళ్ళీ అందరికీ ఫోన్లు. ప్రసాదం ఎప్పటిలాగే పంచదారతో చేయండి, నాకు చిటికెడు చాలు. కాఫీలో మాత్రం ఏ తీపీ వద్దు. ఇంకొక మాట, నేను ఇకనుంచి ఇన్సులిన్ వేసుకుని టిఫిను తిన్నాకే వ్రతానికి వస్తాను.

ఆ చివరి మాటతో కొన్ని ఇళ్ళు దూరమయ్యాయి. ఆయన మా వంటింట్లో ఉండగానే ఒకావిడ ఫోను చేసింది. ఆయన స్పీకర్‌లో పెట్టి మాట్లాడారు.

“పంతులుగారూ, మీరు టిఫిన్ చేసి వస్తారటగా?”

“అవునమ్మా, రెండు ఇడ్లీలు. మీరు మూడోది పెట్టినా తింటాను.”

“అది కాదండీ, మా అత్తగారు అస్సలు ఒప్పుకోరు. వేరే వాళ్ళని బుక్ చేసుకుంటాం, ఏమీ అనుకోకండి.”

“పెద్దావిడకి నా నమస్కారం చెప్పండి. ఆవిడ పద్ధతి ఆవిడది.”

“తినలేదని అబద్ధం చెబితే సరిపోయేది కదండీ” అన్నాను నేను, ఉక్రోషం పట్టలేక.

“దేవుడి ముందు కథ చదివే నోరమ్మా ఇది” అన్నారు.

రెండు కార్తీక మాసాలు ఆయన వ్యాను చాలావరకు ఇంటి ముందే ఉండిపోయింది. తర్వాత ఒక్కొక్కరే మళ్ళీ పిలిచారు. చిటికెడు ప్రసాదాన్ని అరచేతిలో పెట్టుకుని, ఒక్కొక్క పలుకే నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని తినేవారు. అది చూస్తూ మేమూ మా ప్రసాదం కప్పులు చిన్నవి చేసుకున్నాం. కంటికి లేజర్ చేయించుకున్నాక, ఇక చూపుకు భయం లేదని డాక్టరు చెప్పిన రోజు తిన్నగా మా ఇంటికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి పంచాంగంలోని చిన్న అక్షరాలు గట్టిగా చదివి వినిపించారు. పోవడానికి రెండు రోజుల ముందు కూడా మంచులో తనే నడుపుకుంటూ వెళ్ళి ఒక నామకరణం చేయించి వచ్చారు.

కర్మలన్నీ అయ్యాక వాళ్ళావిడను, మేమంతా పిన్నిగారనే ఆవిడను, ఒక మధ్యాహ్నం మా ఇంటికి తీసుకొచ్చాను. ఎప్పటిలా చప్పటి కాఫీ కలిపి ఇచ్చాను. ఆవిడ కప్పు నా వైపు జరిపింది.

“రెండు చెంచాలు పంచదార వేస్తావా, అమ్మాయ్?”

“మీకూ షుగరు కదా, పిన్నిగారూ?”

“నాకెందుకుంటుంది! ఆయనకి చప్పటిది ఇచ్చి నేను తియ్యటిది ఎలా తాగను? అందుకని మానేశా. ‘నీకు తీపి కాఫీ బాకీ పడ్డానే, ఎప్పుడో తీర్చేస్తా’ అని ఏడిపించేవారు.”

పంచదార వేశాను. ఆవిడ తొందరపడకుండా కలిపింది. చూరుకు వేలాడే మంచు ధారల్లోంచి ఎండ వచ్చి కాఫీ ఆవిరి మీద పడింది. ఆవిడ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ వైపు ముఖం తిప్పి, చిన్నగా నవ్వింది.

ఆ సాయంత్రం, సగంలో ఆపిన టాక్సుల కాగితాలు ముగించి, నా లెక్కల్లో చివరి వరస ఇలా రాసుకున్నాను: పంతులుగారి తరఫున పిన్నిగారికి, రెండు చెంచాల తీపి కాఫీ. బాకీ చెల్లు.