చదువుకుందామని వేసిన పందిరి

నారాయణఖేడ్‌ల నేను బడిల పంతులమ్మను. ఇంటికొచ్చి పుస్తకం పట్టుకుంటే మాత్రం పనిదొంగను. పేజీ తిప్పేలోపల మా అత్త దూపయితున్నదని నీళ్లడుగుతుండె, మా ఆయనకు బనీను దొరకకపోతుండె. యేసయ్య ప్రార్థన చేసుకోనీకి కొండెక్కిండంటే, ఇంట్ల నిమ్మళం లేకనే ఎక్కిండని నా నమ్మకం.

తెలంగాణ వస్తది, వస్తదని అందరు ఎదురుచూస్తున్న రోజులవి. నాకైతే పెరట్ల ఒక పందిరి వస్తే చాలనిపించింది. ఎండకాలం సెలవుల్ల పట్టుబట్టి వేయించిన. జామచెట్టు పక్కన గుంజలు పాతి, కందికట్టెతోని దడి కట్టి, మీద జొన్నచొప్ప కప్పినం. లోపల ఒక నులకమంచం, స్టూలు, నీళ్లకుండ. వానలు పడంగనే బీరతీగ పాకించిన.

మా ఆయన బస్సు డిపోల మెకానిక్. డ్యూటీ నుంచి వచ్చి చూసిండు.

"ఏందిది, కోళ్లకా?"

"నాకు. చదువుకోనీకి."

"ఇల్లుంది గదా?"

"ఇంట్ల మీరందరున్నరు గదా."

అత్త ముక్కు మీద వేలేసుకున్నది. "ఇల్లాలు చెట్టు కింద పుస్తకం పట్టుకొని కూసుంటే లోకం ఏమంటది?" అన్నది. లోకమంటే మా వాడకట్టు ముసలమ్మలు, వేరే ఎవ్వరు గాదు.

అయినా కొత్తగ కట్టింది గదా, ప్రార్థన చేయించాలెనని పాస్టరయ్యను పిలిపించింది. ఆయన వానల కోసం, పంటల కోసం, బొంబాయికి పనికి పోయినోళ్ల కోసం, సర్కారు కోసం కూడా ప్రార్థించిండు. పందిరి మాట చివరికి యాదికొచ్చింది. ఆమేన్ అని, జర నడుము వాలుస్తనని మంచం మీద ఒరిగిండు. నేను చాయ్ తెచ్చేవరకు గురక. చాయ్ చల్లారింది, మల్ల కాచిన, అదీ చల్లారింది. లేచి కండ్లు నులుముకుంటా, "ఇక్కడ దేవుని సన్నిధి ఉన్నదమ్మా" అన్నడు.

గంతే. తెల్లారి నేను పుస్తకం పట్టుకొని పోతే, సన్నిధిల మా అత్త కాళ్లు చాపుకొని ఉన్నది. చుట్టూ ఆమె లోకం, ఒళ్లల్ల చిక్కుడుకాయలు. నేను స్టూలు మీద సర్దుకున్న. ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో అంతా నా చెవులల్లనే పడ్డది. ఆఖరుకు నా వంతు కూడా వచ్చింది. "మా కోడలు మంచిదే గనీ, కండ్లు పుస్తకంలనే ఉంటయి" అన్నది అత్త, నేను అక్కడ లేనట్టే. కొన్నాళ్లకు మా ఆయన కూడా సెలవు దినం వస్తే రేడియో పట్టుకొని అక్కడికే చేరిండు.

ఒక ఐతారం చర్చి గుడి నుంచి రాంగనే అందరు మల్ల పందిట్ల చేరిన్రు. నాకు ఒళ్లు మండింది. పుస్తకం చంకల పెట్టుకొని ఇంట్లకొచ్చి, దర్వాజ దబ్బున వేసి, ఏడుద్దామని అత్త మంచం మీదనే పడ్డ.

ఏడుపు రాలేదు. ఫ్యాను తిరుగుతున్నది. నీళ్లడిగేటోళ్లు లేరు, బనీనడిగేటోళ్లు లేరు. ఇల్లు ఇల్లంతా ఖాళీ. బోర్ల పండుకొని చదువుడు మొదలుపెట్టిన. పొద్దుగూకే వరకు నన్ను పిలిచినోళ్లు లేరు. నాకు నేనే నవ్వుకున్న.

పెద్ద వానకు పందిరి కప్పు కూలింది. అందరికంటే ముందు చొప్పకు పరుగెత్తింది నేనే.

"నువ్వు కూసునేదే లేదు, నీకెందుకు పరేషాన్?" అన్నడు మా ఆయన.

"అత్తకు సుఖంగుంటది" అన్న.

ఆ మాటకు అత్త కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తన కోసం కోడలు పందిరి వేయించిందని గుడిల సాక్ష్యం కూడా చెప్పింది. అందరు నా దిక్కు తిరిగి చూసిన్రు. నేను తల వంచుకున్న, వినయంగనే.