పలకల మీద పసుపు

మా సైన్సు మాస్టారు పట్నం ఆసుపత్రిలో పోయారని మొన్న పొద్దున్న రేవులో నావ దిగినవాళ్లు చెప్పారు. పదో తరగతి తర్వాత ఉత్తరం ముక్క కూడా రాయని నేను కలం పట్టడానికి కారణం ఒక్కటే. ఆయన చేసిన ఒక మేలు నాకు తప్ప ఎవరికీ తెలియదు. అది నాతోనే పోకూడదు.

మాది నౌపడ ఉప్పుమడులు దాటాక ఉప్పుటేరు నడుమనున్న దిబ్బ. తుఫానుకు కరెంటు స్తంభాలు ఏట్లో పడిపోయాక మళ్లీ వేయలేదు. బోరు మూలపడింది. తాగే నీళ్లు నావ మీద బిందెలతో తెచ్చుకునేవాళ్లం. రిటైరైన మాస్టారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, తుఫాను షెల్టరు మీదికి సోలార్ పలకలు తెప్పించి బోరు మోటారుకు కలిపించారు. శుక్రవారం అధికారులు వచ్చి చూస్తారన్నారు. మోటారు తిరగకపోతే పలకలు విప్పి ఇంకో ఊరికి పట్టుకుపోతారట.

షెల్టరు తాళం నా దగ్గరుండేది. శుక్రవారం కదా అని తెల్లవారుతూనే మెట్లెక్కి, అరసవల్లి సూర్యదేవుడికి దండం పెట్టి, గడపకు రాసినట్టే పలకల నిండా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను.

అధికారులు వచ్చి స్విచ్చి నొక్కారు. మోటారు కదల్లేదు.

"ఏటి మాస్టారూ, మీ సూరీడు సెలవు పెట్టినాడేటి?" అన్నాడు మా పెదమావ.

"బిందెలు తోముకోండర్రా, మళ్లీ నావే మనకి గతి," అంది మా తోటికోడలు.

అందరూ నవ్వారు.

మాస్టారు పైకెక్కి, చాలాసేపటికి తడిసిన చొక్కాతో దిగారు. "తప్పు నాదేనండి. ఉప్పుగాలికి దుమ్ము పట్టీసింది, నేను తుడవలేదు," అన్నారు. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. పంచె అంచున పసుపు మరక నాకు కనబడింది. ఈసారి మోటారు తిరిగింది. కుళాయిలోంచి ముందు ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు వచ్చాయి. పలకలు మాకే ఉండిపోయాయి.

మర్నాడు ఏడుస్తూ మాస్టారింటికి వెళ్లాను.

"ఏడవకు తల్లీ. భక్తి ఉండాల. కానీ ఆ పలకలు సూర్యుణ్ణి సూసే కళ్లు. కళ్లకి పసుపు రాసీస్తే ఏటి కనబడతాది? ఇకమీద నువ్వే కడుగు. ఈ సంగతి మనిద్దరి మధ్యే."

ఆనాటినుంచి స్నానం చేసి, ముందు పలకలు కడిగాకే దేవుడికి దీపం పెడుతున్నాను. మాస్టారు ఎవరింటికొచ్చినా "నీళ్లొస్తన్నాయా?" అని అడిగాకే కూర్చునేవారు.

చివరిసారి చూసినప్పుడు ఆయన వాకిట్లో గాజుగ్లాసు నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి, రెండు పెన్సిల్ ముక్కలు ముంచి, ఒక చిన్న సోలార్ పలక తీగలు వాటికి తగిలించారు. మొనల దగ్గర సన్నటి బుడగలు మొదలయ్యాయి.

"మజ్జాన్నం మిగిలిపోయే ఎండతో నీళ్లలోంచి ఇలా గాలి తీసి దాసుకోవచ్చమ్మా. హైడ్రోజన్ అంటారు. ముసురు రోజుల్లో దాంతోనే కరెంటు పుట్టించి మోటారు తిప్పుకోవచ్చు."

"మన దిబ్బకి వస్తాదా మాస్టారూ?"

"వస్తాది. నేనుండను గానీ నీ మనవలు సూస్తారు."

ఎండ పడినంతసేపూ ఆ బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తూనే ఉన్నాయి. మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం.

ఈ కాగితాలు చదివినవారు దాచి ఉంచండి, నేను పోయేదాకా ఎవరికీ చూపించకండి. ఇద్దరి మధ్యే అన్న మాటను ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నారు.