మనోడు అన్న మాట

ఇన్నేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. నా భార్యకు చెప్పలేదు, దేవుడి ముందు నిలబడినప్పుడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. ఒక స్నేహితుడి బతుకును ఒక్క మాటతో చెడగొట్టాను. ఆ మాట కూడా నాది కాదు, అతనిదే. నేను దాన్ని తమిళంలో చెప్పానంతే. అంతేనా?

కోయంబత్తూరులో, అవినాశి రోడ్డు మీది మిల్లులో, దేవరాజూ నేనూ బదిలీ కూలీలం. ఎవరైనా పనికి రాకపోతేనే మాకు పని. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. మిల్లు క్రికెట్ జట్టులో అతను ఫాస్ట్ బౌలర్, నేను వికెట్ కీపర్ని. బాగా ఆడేవాళ్ళలో ఒకరిని పర్మనెంట్ చేస్తారని ఆ ఏడు మాట పుట్టింది. అది దేవరాజేనని అందరికీ తెలుసు. అతని బంతులు పట్టి అరచేతులు వాచిపోయిన నాకు ఇంకా బాగా తెలుసు.

దేవరాజుకు ఒక పాకిస్తాన్ ఫాస్ట్ బౌలరంటే పిచ్చి. భుజం దెబ్బతిని ఆ బౌలర్ చాలాకాలం ఆటకు దూరమయ్యాడు, ఇక అతని పని అయిపోయిందన్నారు. మళ్ళీ వచ్చాడు. వచ్చి వికెట్లు తీసిన రోజు, మిల్లు క్యాంటీన్ రేడియో దగ్గర దేవరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"పాకిస్తాన్ అయితే ఏమన్నా, వాడు మనోడు!" అన్నాడు.

మా వైపు మనోడంటే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. కొత్తవాడు కనబడితే మేం ముందు అడిగేది అదే, మనోడేనా అని. నేను పగలబడి నవ్వాను. తనలాగే ఒళ్ళు హూనం చేసుకుని బంతి వేసేవాణ్ణి తనవాళ్ళలో కలిపేసుకున్నాడు, అంతకు మించి అందులో ఏమీ లేదు.

అటుగా వెళ్తున్న సూపర్‌వైజర్‌కు తెలుగు రాదు. పాకిస్తాన్ అన్న పేరు మాత్రం చెవిన పడింది. సరిహద్దులో గొడవలుగా ఉన్న రోజులవి, ఆ పేరు వింటేనే మొహాలు మాడిపోయేవి. తర్వాత నన్ను ఒంటరిగా పిలిచి, "ఎన్నప్పా సొన్నాన్ అవన్?" అన్నాడు. అతను ఏమన్నాడని.

పాకిస్తానే మనది అన్నాడు సార్, అని తమిళంలో చెప్పాను.

నోరు జారిందా? లేదు. చెప్పేముందు ఆగాను. ఆ ఆగిన కాసేపట్లో దేశమూ గుర్తురాలేదు, స్నేహమూ గుర్తురాలేదు, పర్మనెంట్ ఉద్యోగం ఒక్కటే కళ్ళముందు ఆడింది, అది తెలిసే ఆ మాట అన్నాను.

మర్నాడు దేవరాజును గేటు దగ్గరే ఆపేశారు. కారణం చెప్పలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చాడు.

"ఏమి తప్పు చేస్తినో తెలీలేదన్నా. ఆఫీసులో కొంచెం చెప్పి చూడు."

"సరిరా, చెప్పి చూస్తా," అన్నాను.

చెప్పలేదు. ఆ ఉద్యోగం నాకు వచ్చింది. దేవరాజు ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్లో మూటలు మోయడానికి వెళ్ళిపోయాడు. పాకిస్తాన్ బౌలర్ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆడాడు. అతని ఆఖరి మ్యాచ్ దాకా రేడియో వదల్లేదు నేను. ఎందుకు విన్నాను? దేవరాజు ఆట కూడా ఇంకా నడుస్తోందని నన్ను నేను మోసం చేసుకోవడానికా?

మొన్న మధురైలో, మాట్టుతావణి బస్టాండులో దేవరాజు ఎదురయ్యాడు. గట్టిగా కౌగలించుకున్నాడు. పక్కనున్న భార్యతో, "నా కోసరం ఆ పొద్దు ఆఫీసులో మాట్లాడిన అన్న ఈయనే," అన్నాడు. ఆమె రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను.

వాళ్ళకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను. నేను అతని కోసం మాట్లాడలేదు. అతని మీద చాడీ చెప్పింది నేనే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలికకు కూడా సిగ్గుపడుతున్నాను.