బాధ్యుని గడిలో పేరు

2017 జూలై 11, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలు. వేకువనుంచి పడుతున్న జల్లు అప్పుడే వెలిసింది. ఆక్సిజన్ సిలిండర్లకు వాల్వులు చేసే ఒక కర్మాగారంలో, మేనేజరు గది బయట, ఒడిలో ఫైలు పెట్టుకొని కూర్చున్న నలభై ఏళ్ళ మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. అక్కడి కాగితాలలో భాష సరిచూడడానికి నన్ను పిలిపించారు. ఆ కాగితాలు వ్రాసేది ఆయన. ఏ పనిని ఎవరు, ఏ వరుసలో, ఎలా చేయాలో వ్రాసిపెట్టడమే ఆయన ఉద్యోగం. కార్మికులు ఆయనను కాగితాలాయన అనేవారు. చాటున కాదు, ఎదుటనే.

నాలుగేళ్ళుగా ఆయనది తాత్కాలికపు కొలువు. నెలాఖరు నాణ్యతా తనిఖీ సవ్యంగా గట్టెక్కితే ఖాయం చేస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. ఖాయమైనవారి పిల్లలకే కంపెనీ బడిలో చోటు. ఆయన కూతురి దరఖాస్తు ఆ ఉత్తర్వు కోసమే ఆగి ఉంది.

ఆనాడు ఆయన ఒడిలో ఉన్నది లీకు పరీక్ష కాగితం. ఒక ఆస్పత్రి మూడు వాల్వులు తిప్పిపంపడంతో, వాల్వును నీటిలో ముంచి ఉంచే సమయాన్ని నిమిషం నుంచి రెండు నిమిషాలకు పెంచి వ్రాశాడు. రెండు నిమిషాలకు మేనేజరు అభ్యంతరం చెప్పలేదు. ఆ సమయాన్ని ఎవరూ కుదించకుండా చూసే బాధ్యుడెవరన్న గడిలో తన హోదా కనిపించడమే మేనేజరుకు కంటగింపు.

"నన్నెందుకయ్యా అందులో ఇరికిస్తావు? అందరూ అని రాసెయ్" అన్నాడు, నా ఎదుటనే.

"అందరూ అంటే ఎవరూ కాదండి."

"తెలివైనవాడివే. నీతో వచ్చిన చిక్కే అది."

ఆ తరువాత మరి పందొమ్మిది రోజులు కాగితం మేనేజరు బల్లమీదికి వెళ్ళడం, ఒక కామా మార్పుతో తిరిగిరావడం. తొమ్మిదిసార్లు తిరగవ్రాశాడు. ఇంట్లో భార్య, "ఏమండీ, ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలేస్తే ఏం పోతుంది?" అని అడిగిందట. ఆయన అన్నం తిని, మళ్ళీ ఆ కాగితమే ముందేసుకున్నాడట.

తనిఖీకి ముందురోజు పాత కాగితం గడువు తీరింది. గడువు తీరిన కాగితం పనిచోట ఉండరాదన్న నియమం వ్రాసింది ఆయనే. మేనేజరు ఫోనులో, "పాతది తీసేయ్, మధ్యాహ్నానికల్లా కొత్తదానిమీద సంతకం పెట్టేస్తా" అన్నాడు. ఆయన తీసేశాడు. మధ్యాహ్నం దాటింది. మేనేజరు సమావేశానికి పొరుగూరు వెళ్ళాడని గుమాస్తా చల్లగా చెప్పాడు.

మర్నాడు తనిఖీ అధికారి నేరుగా నీటితొట్టె దగ్గరకే వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న, అందరూ అక్క అని పిలిచే కార్మికురాలు, గడియారం ఎదురుగా పెట్టుకొని, పూర్తిగా రెండు నిమిషాలు వాల్వును ముంచి ఉంచింది. కాగితం తగిలించే గోడమీది పలక మాత్రం ఖాళీ.

"ఏం చూసి చేస్తున్నారమ్మా?"

"నీళ్ళు చూసి సార్."

"అది కాదు, కాగితం ఏదీ?"

"కాగితం చూస్తూ కూర్చుంటే బుడగలు ఎవరు చూస్తారు సార్?"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. కాగితాలాయన నవ్వలేదు. అధికారి లోపం నమోదు చేశాడు.

కారణం వ్రాయవలసిన ఫారం ఆయన చేతికే వచ్చింది. మేనేజరు తలుపు వేసి, "కాగితం రాసినవాడి అజాగ్రత్త అని ఒక్క ముక్క రాయి. మనలో మనం సర్దుకుందాం. నీ ఉత్తర్వు నా సొరుగులోనే ఉంది" అన్నాడట.

బయటికి వస్తే అక్క, "రాసెయ్ తమ్ముడూ, పాప బడి చూసుకో" అంది.

ఆయన కలం తీశాడు. కాగితం మేనేజరు బల్లమీదికి వెళ్ళిన తొమ్మిది తేదీలనూ, తిరిగివచ్చిన తొమ్మిది తేదీలనూ, పాత ప్రతి తీసేయమన్న ఫోను వేళనూ వరుసగా వ్రాసి, కింద సంతకం చేసి ఇచ్చాడు.

ఆగస్టు 31న ఆయన ఒప్పందం ముగిసింది, పొడిగించలేదు. కూతురు వేరే బడిలో చేరింది. ఆయన ఇప్పుడు తాగునీటి యంత్రాల సంస్థలో అదే పని చేస్తున్నాడు, అక్కడా తాత్కాలికమే. అక్క తొట్టె దగ్గరే ఉంది. లీకు పరీక్ష కాగితం సెప్టెంబరు 4న మేనేజరు సంతకంతో వెలువడింది. అందులో సమయం రెండు నిమిషాలు. బాధ్యుని గడిలో ఉన్నది 'సంబంధిత సిబ్బంది'.